పోటు వేళ, పాటు వేళ

మొదటిసారి అండమాన్ వెళ్ళినప్పుడు నా జేబులో ఒక కాగితం ఉండేది. మూడు రాత్రులు, నాలుగు పగళ్ళు, పదిహేడు చోట్లు. ట్రావెల్స్ అబ్బాయి రంగుల్లో అచ్చేసి ఇచ్చాడు. వానకు తడవకూడదని నేనే దానికి లామినేషన్ చేయించాను. చూసిన చోటల్లా స్కెచ్ పెన్నుతో టిక్కు పెట్టుకుంటూ పోయాను. తిరిగొచ్చాక పక్కింటాయన "ఎలా ఉందండీ?" అని అడిగితే నాకు గుర్తొచ్చినవి మూడే: జెట్టీ దగ్గర లైను, వ్యాను వెనక సీట్లో డీజిలు వాసన, రాధానగర్ బీచిలో డ్రైవరు కొట్టిన హారను. హారను మోగేసరికి సూర్యుడు సగం మునిగి ఉన్నాడు. మిగతా సగం మునగడం నేను చూడలేదు.

నాలుగేళ్ళ తరవాత మళ్ళీ వెళ్ళాం. ఈసారి ఆరు రోజులు, కాగితం లేదు. చూసిన చోట్లు మొదటిసారి వాటిలో సగం కూడా ఉండవు. కానీ ఏ పూట ఏం చేశామో ఇవాళ్టికీ చెప్పగలను. ఈ అధ్యాయమంతా ఆ రెండు ప్రయాణాల మధ్య తేడా గురించే.

సెలవు గడపడం కూడా ఒకరు నేర్పాలా అని మీరు నవ్వుకోవచ్చు. మన ఇళ్ళలో తరతరాలుగా తెలిసిన ప్రయాణాలు రెండు: పెళ్ళి, తీర్థయాత్ర. పెళ్ళికి వెళితే పని ఉంటుంది. తీర్థానికి వెళితే వరస ఉంటుంది. స్నానం, దర్శనం, ప్రసాదం, ఆ పక్క ఊళ్ళో ఇంకో గుడి. అక్కడ అదే పద్ధతి, తప్పేం లేదు. దీవికి కూడా ఆ వరసే పట్టుకెళ్ళడంతోనే చిక్కు. బీచి దర్శనం, ఫొటో ప్రసాదం, పదండి పదండి. తమాషా ఏమిటంటే, కాశీ వెళ్ళినవాడు గంగలో మూడు మునకలు వెయ్యకుండా రాడు. అండమాన్ వెళ్ళిన మనవాళ్ళలో చాలామంది మాత్రం సముద్రంలో తల ముంచకుండానే తిరిగొస్తున్నారు.

బయల్దేరే ముందు ఒక పని చెయ్యండి. ఇంట్లో అందర్నీ కూర్చోబెట్టి తలా ఒక చీటీ ఇవ్వండి. 'ఏం చూడాలి' అని కాదు, 'ఏం చెయ్యాలనుంది' అని రాయమనండి. ఒక్కొక్కరు ఒక్కటే. మా ఇంట్లో నాలుగు చీటీలు వచ్చాయి. మా అబ్బాయి నీళ్ళ కింద ఊపిరి పీల్చాలని రాశాడు. అమ్మాయి ఎక్కడో వీడియోలో చూసిందట, రాత్రిపూట మెరిసే నీళ్ళలో చెయ్యి పెట్టాలంది. నేను సెల్యులార్ జైల్లో ఒక పూటంతా ఉండాలని రాశాను. మొదటిసారి అక్కడ మాకు కేటాయించింది నలభై నిమిషాలు. మా ఆవిడ చాలాసేపు పెన్ను పట్టుకుని కూర్చుని, 'ఎవరికీ అన్నం వడ్డించకుండా ఒక రోజు' అని రాసి చీటీ మడిచి ఇచ్చింది. ఆ నాలుగు చీటీలే మా ప్రయాణ ప్రణాళిక. మిగతావి దారిలో తగిలితే తగిలాయి, లేకపోతే లేదు.

అన్నీ చూడాలన్న ఆశ ఎలాగూ తీరేది కాదు. అండమాన్, నికోబార్ కలిపి ఎనిమిది వందలకు పైగా దీవులు, దిబ్బలు ఉన్నాయి. జనం ఉండేవి వాటిలో నలభై లోపే. నికోబార్ వైపు మామూలు యాత్రికులను పోనివ్వరు. తొలిసారి వెళ్ళేవాళ్ళకు పోర్ట్ బ్లెయిర్, హావ్‌లాక్, నీల్ చాలు. పేర్ల దగ్గర మాత్రం జాగ్రత్త. 2018లో హావ్‌లాక్ స్వరాజ్ ద్వీప్ అయింది, నీల్ షహీద్ ద్వీప్ అయింది. 2024లో పోర్ట్ బ్లెయిర్ శ్రీ విజయ పురం అయింది. కాగితాల మీద కొత్త పేర్లు, జనం నోళ్ళలో పాత పేర్లు. రెండూ తెలియకపోతే మీ పడవ మీ ఎదటనుంచే వెళ్ళిపోతుంది. హావ్‌లాక్, నీల్ అనేవి 1857 తిరుగుబాటును అణిచిన ఇద్దరు బ్రిటిష్ సేనానుల పేర్లు. ఆ తిరుగుబాటులో పట్టుబడినవాళ్ళను తెచ్చి పడేసిన చోటికే వాళ్ళ పేర్లు పెట్టారు. పేర్లు మార్చడమంటే నాకు సాధారణంగా చిరాకే గానీ, ఈ రెండింటి విషయంలో మాత్రం నోరెత్తలేను. అయినా అలవాటు పోదు, ఇక్కడ పాత పేర్లే వాడుతున్నాను.

డిసెంబరు నుంచి ఏప్రిల్ దాకా సముద్రం నెమ్మదిగా ఉంటుంది. మే వచ్చిందంటే వానలు. పడవలు ఆగిపోయే రోజులుంటాయి కాబట్టి ఏ కాలంలో వెళ్ళినా ఒక రోజు చేతిలో ఉంచుకోవాలి. చెన్నై, విశాఖపట్నం, కోల్‌కతాల నుంచి ఓడ కూడా ఉంది. విశాఖ ఓడ ఎప్పుడో గాని బయల్దేరదు, పైగా రెండున్నర, మూడు రోజుల ప్రయాణం. తీరిక ఉన్నవాళ్ళు దాని గురించి ఆలోచించండి.

ఇక గడియారం. ఇది చిన్న విషయంలా కనిపిస్తుంది గానీ, దీవిలో రోజు పాడయ్యేది ఎక్కువగా దీనివల్లే. మన దేశపు గడియారం 82.5 డిగ్రీల తూర్పు రేఖాంశాన్ని బట్టి నడుస్తుంది. ఆ రేఖ మన కాకినాడ దగ్గరగా పోతుంది. పోర్ట్ బ్లెయిర్ అక్కడికి ఇంకో పది డిగ్రీలు తూర్పున ఉంది. డిగ్రీకి నాలుగు నిమిషాలు, మొత్తం నలభై నిమిషాలు. చేతి గడియారం కాకినాడదే, సూర్యుడు మాత్రం నలభై నిమిషాలు ముందు. డిసెంబరులో పొద్దున అయిదున్నరకే తెల్లారిపోతుంది, సాయంత్రం అయిదుకల్లా సూర్యుడు మునిగిపోతాడు. జూన్‌లో అయితే అయిదు కొట్టకముందే పొద్దు పొడుస్తుంది. ఇంటి అలవాటు ప్రకారం ఎనిమిదికి లేచి, టిఫిను చేసి, తలలు దువ్వుకుని పదింటికి బయల్దేరేవాడికి అక్కడి రోజులో సగం దగ్గర దగ్గర అయిపోయినట్టే. అతనికి మిగిలేది మిట్టమధ్యాహ్నపు ఎండ ఒక్కటే. తిరిగొచ్చి "ఎండ తప్ప ఏముందండీ అక్కడ" అనేది ఇతనే.

అందుకని మొదటి రాత్రే తొమ్మిదింటికి పడుకోండి. పిల్లలు గోల పెడతారు, పెట్టనివ్వండి. హావ్‌లాక్‌లో కాలాపత్థర్ తూర్పు ముఖంగా ఉన్న తీరం, రాధానగర్ పడమటి ముఖం. పొద్దు పొడవడం అక్కడ, కుంకడం ఇక్కడ. మధ్యాహ్నం పదకొండు నుంచి మూడు దాకా గదిలో పడుకోండి. ఆ నాలుగు గంటలు నిద్రపోవడానికి మనసు ఒప్పుకోదు. ఇంత డబ్బు పోసి వచ్చి నిద్రేమిటి అనిపిస్తుంది. అలా అనిపించడమే మనం మార్చుకోవాల్సిన జబ్బు.

గడియారం తరవాత పంచాంగం. నవ్వకండి. పోర్ట్ బ్లెయిర్‌లో దిగిన సాయంత్రం జంగ్లీఘాట్ చేపల రేవు వైపు నడుచుకుంటూ వెళ్ళాం. వల బాగుచేసుకుంటున్న ఒక ముసలాయన మా మాటలు విని తలెత్తాడు.

"ఏటి బాబూ, ఏ ఊరు మీది?"

విజయవాడన్నాను. తనది ఇక్కడేనట, ఇక్కడే పుట్టాడట. వాళ్ళయ్య మాత్రం బారువ నుంచి వచ్చాడు. శ్రీకాకుళం యాస అరవయ్యేళ్ళయినా చెక్కు చెదరలేదు. అండమాన్‌లో తెలుగువాళ్ళు దొరకడం వింత కాదు. 2011 జనాభా లెక్కల ప్రకారం ఆ దీవుల్లో నూటికి పదముగ్గురి మాతృభాష తెలుగు. వాళ్ళలో చాలామంది ఉత్తరాంధ్ర తీరం వాళ్ళే. మీరు వెళ్ళినప్పుడు సిగ్గుపడకుండా తెలుగులో పలకరించి చూడండి. ఏ గైడూ చెప్పని సంగతులు బయటికొస్తాయి.

నేనాయన్ని నీల్‌కి ఎప్పుడు వెళితే బాగుంటుందని అడిగాను. ఆయన నన్ను తిథి అడిగాడు. నాకు తెలీదు. జేబులో ఫోనుంది, అందులో వారం రోజుల వాతావరణం ఉంది, తిథి లేదు. "అమాసకీ పున్నానికీ పెద్ద పోటు, పెద్ద పాటు. తిథి తెలకుండా సముద్రం కాడికి ఎలాగొచ్చినావు బాబూ?" అన్నాడు. కోపంగా కాదు, నిజంగానే ఆశ్చర్యపోయి.

నీరు పైకి ఎక్కడం పోటు, వెనక్కి తగ్గడం పాటు. రోజుకు రెండేసి సార్లు. ఇవాళ పాటు వచ్చిన వేళకు రేపు రాదు, సుమారు యాభై నిమిషాలు ఆలస్యంగా వస్తుంది. అమావాస్యకూ పౌర్ణమికీ సూర్యచంద్రులు ఒకే గీత మీద నిలిచి లాగుతారు కాబట్టి నీరు బాగా పైకెక్కి బాగా కిందికి దిగుతుంది. అష్టమి, నవముల్లో తేడా తక్కువ. చిన్నప్పుడు చదువుకున్న పాఠమే ఇది. కానీ అక్కడ దీన్ని బట్టే అన్నీ నడుస్తాయి. నీల్‌లో సహజంగా ఏర్పడిన రాతి వంతెన ఒకటుంది, అక్కడి బెంగాలీలు హౌరా బ్రిడ్జి అంటారు. పాటు వేళ వెళితే వంతెన కిందా చుట్టూ రాళ్ళ గుంటల్లో నీళ్ళు నిలిచి ఉంటాయి. వాటిలో సముద్ర దోసకాయలు, నక్షత్ర చేపలు, పీతలు, చిన్న చిన్న పగడాలు. వంగి చూస్తూ రెండు గంటలు గడపొచ్చు. పోటు వేళ వెళితే నీళ్ళూ రాళ్ళూ తప్ప ఏమీ ఉండదు. మొదటి ప్రయాణంలో మేం పోటు వేళ వెళ్ళాం. టిక్కు పెట్టుకుని వచ్చేశాం. అదే దీవిలో భరత్‌పూర్ తీరానికి మాత్రం నీళ్ళు కావాలి, పాటు వేళ అక్కడ పడవలే తిరగవు. రామాయణం పేర్లు పెట్టుకున్న ఊళ్ళవి: సీతాపూర్, లక్ష్మణ్‌పూర్, భరత్‌పూర్, రామ్‌నగర్. ఏ తీరానికి ఏ వేళ అన్నది హోటల్లో వంటాయన్ని అడిగినా చెబుతాడు. అడగాలి, అంతే.

ఇప్పుడు అసలు సంగతి, నీళ్ళలోకి దిగడం.

మన తీరాల్లో ఒక దృశ్యం మీరూ చూసే ఉంటారు. నాన్న మోకాళ్ళ దాకా ప్యాంటు మడిచి నీళ్ళలో నిలబడతాడు. పిల్లలు ఎగురుతుంటారు. అమ్మ దూరంగా ఇసుకలో చెప్పులు, బ్యాగులు, ఫోన్లు, తువ్వాళ్ళు, అరటిపళ్ళు చుట్టూ పెట్టుకుని కాపలా కూర్చుంటుంది. విశాఖ ఆర్కే బీచి నుంచి సూర్యలంక దాకా ఇదే బొమ్మ. అండమాన్ దాకా వెళ్ళినా బొమ్మ మారదు. ఎవరూ ఆమెను కూర్చోమనలేదు, ఎవరూ లెమ్మని కూడా అనలేదు. కాబట్టి మొదటి నియమం: బ్యాగుల దగ్గర వంతులు. గంటకొకరు. దీనికి పెద్ద సంస్కరణ అక్కర్లేదు, గడియారం చాలు.

మా ఇంట్లో ఇది నియమం వల్ల జరగలేదు, నా రక్తపోటు వల్ల జరిగింది. హావ్‌లాక్‌లో స్కూబా నేర్పేవాళ్ళు ముందుగా ఆరోగ్యం గురించి ఒక ఫారం నింపమంటారు. ఆస్తమా ఉందా, గుండె జబ్బుందా, ఈమధ్య ఆపరేషన్ అయిందా, గర్భవతా, చెవి నొప్పా, జలుబా, రోజూ మందులు వాడుతున్నారా. నేను రక్తపోటు మాత్ర వేసుకుంటానని నిజం రాశాను. డాక్టరు చీటీ లేకుండా కుదరదన్నారు. బతిమాలినా వినలేదు, వినకపోవడమే మంచిది. మీరు మందులు వాడేవాళ్ళయితే ఇంటి దగ్గరే డాక్టరుతో మాట్లాడి కాగితం రాయించుకోండి. ఫారంలో మాత్రం అబద్ధం రాయకండి. నాలుగు డైవ్‌లకు డబ్బు కట్టేశాను. పిల్లలిద్దరూ సిద్ధం. మా ఆవిడ అప్పటికే బ్యాగులు చేతిలోకి తీసుకుంది. నేను ఆమె చేతిలోంచి బ్యాగులు తీసుకున్నాను. "నాకు ఈత రాదు" అంది. నేర్పే అమ్మాయి నవ్వి, "ఈత వచ్చినవాళ్ళే ఎక్కువ ఇబ్బంది పెడతారమ్మా, చేతులూ కాళ్ళూ కొట్టుకుంటారు" అంది.

మొదటిసారి దిగేవాళ్ళను పన్నెండు మీటర్ల కంటే కిందికి తీసుకెళ్ళరు, ఒక్కొక్కరి వెంటా ఒక్కో శిక్షకుడు ఉంటారు. దిగేముందు నడుము లోతు నీళ్ళలో అరగంట సాధన చేయిస్తారు. మనసులో పెట్టుకోవాల్సినవి కొన్నే. ముక్కు ముసుగులో మూసుకుపోతుంది, ఊపిరంతా నోటితోనే. తొలి రెండు నిమిషాలు ఒళ్ళు ఎదురు తిరుగుతుంది, అది అందరికీ జరిగేదే. ఎప్పుడూ ఊపిరి బిగబట్టకూడదు. పది మీటర్ల కింద నీటి ఒత్తిడి పైన ఉన్నదానికి రెట్టింపు. అక్కడ నిండుగా పీల్చిన గాలిని బిగబట్టి పైకొస్తే అది ఊపిరితిత్తుల్లో రెట్టింపుగా ఉబ్బుతుంది. కిందికి దిగేటప్పుడు చెవుల్లో నొక్కినట్టుంటుంది. ముక్కు పట్టుకుని మెల్లగా ఊదితే తెరుచుకుంటాయి. నొప్పి మొదలయ్యాక కాదు, మొదలవకముందే ఊదాలి. ఇంకోటి, ఇది మనవాళ్ళు తప్పకుండా పొరబడేది. బొటనవేలు పైకెత్తి చూపిస్తే నీళ్ళ కింద దానర్థం 'భేష్' కాదు, 'నన్ను పైకి తీసుకెళ్ళు' అని. బాగున్నానని చెప్పాలంటే బొటనవేలూ చూపుడువేలూ కలిపి సున్నా చుట్టాలి. మా అబ్బాయి సంతోషం పట్టలేక రెండుసార్లు బొటనవేలెత్తి రెండుసార్లూ పైకొచ్చాడు.

కళ్ళద్దాలు పెట్టుకునేవాళ్ళకు లోపల అద్దాలు కుదరవు. పవరున్న ముసుగు ఉందేమో ముందే అడగండి. డైవ్ చేశాక పద్దెనిమిది గంటలు విమానం ఎక్కకూడదు. ఒత్తిడిలో రక్తంలో కరిగిన నైట్రోజన్ మెల్లగా బయటికి పోవాలి. కాబట్టి డైవ్ ఎప్పుడూ ప్రయాణం మధ్యలో పెట్టుకోవాలి, ఆఖరి రోజున కాదు. అంత లోతు వద్దనుకుంటే ముసుగూ గొట్టమూ పెట్టుకుని నీటి మీద బోర్లా తేలే స్నార్కెలింగ్ ఉంది. లైఫ్ జాకెట్ వేస్తారు, మునగడం మీ తరం కాదు. ఎలిఫెంట్ బీచిలో అలా అరగంట తేలినా చాలు, ఒళ్ళంతా చెవులై సముద్రాన్ని వింటుంది.

కింద కనిపించే పగడం రాయి కాదు, ప్రాణి. వేల జీవులు కలిసి కట్టుకున్న ఇల్లు. గుండ్రటి పెద్ద పగడాలు ఏడాదికి ఒక సెంటీమీటరుకు అటూ ఇటూగా పెరుగుతాయి. మీ తలకాయంత పగడానికి మీ పిల్లల వయసుండొచ్చు. దానిమీద కాలు పెట్టి నిలబడి ఫొటో తీయించుకునేవాళ్ళను నేను చూశాను. ఒంటికి పూసుకునే సన్‌స్క్రీన్లలో కొన్ని రసాయనాలు కూడా పగడానికి హాని చేస్తాయి. నిండు చేతుల చొక్కా వేసుకుని దిగితే ఎండకూ మంచిది, పగడానికీ మంచిది. తీరాన దొరికిన గవ్వ, చచ్చిన పగడపు ముక్క జేబులో వేసుకోకండి. వన్యప్రాణి చట్టం ఒప్పుకోదు, విమానాశ్రయంలో స్కానింగులో బయటపడుతుంది. పిల్లల జేబులు గది ఖాళీ చేసేటప్పుడే తడిమి చూడండి.

భయం గురించి రెండు మాటలు. ఉండాల్సిన భయం ఉండాలి. తీరంలో అలలు విరుగుతున్నచోట మధ్యలో ఒక పాయ మాత్రం నున్నగా, అలల్లేకుండా కనిపిస్తే అక్కడ నీరు లోపలికి లాగుతోందని అర్థం. అందులో చిక్కితే ఒడ్డుకు ఎదురీదకండి, ఎవరూ గెలవలేరు. ఒడ్డు వెంబడి పక్కకు ఈది బయటపడి, అప్పుడు ఒడ్డుకు రావాలి. మడ అడవుల కాలవల్లో ఉప్పునీటి మొసళ్ళుంటాయి. 2010లో రాధానగర్ పక్కనే ఉన్న చోట ఒక యాత్రికురాలు మొసలి వాత పడింది. బోర్డు పెట్టినచోట దిగొద్దు, చీకటి పడ్డాక ఎక్కడా దిగొద్దు. ఈ రెండు పాటించాక మిగిలే భయం నీటిది కాదు, నలుగురూ ఏమనుకుంటారో అన్నది. నలభై ఆరేళ్ళ మనిషి నీళ్ళలో తడబడితే చూసి నవ్వే తీరిక అక్కడ ఎవరికీ ఉండదు.

మా ఆవిడ పైకి వచ్చాక ముసుగు తీసి చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. ముఖం మీద ముసుగు అంచు ముద్ర గుండ్రంగా పడింది. "అక్కడ చప్పుడు ఉండదు. నా ఊపిరి ఒక్కటే వినిపించింది" అంది చివరికి. బ్యాగులు మాత్రం మళ్ళీ తీసుకోలేదు.

నా చీటీ గురించి కూడా చెప్పాలి. సెల్యులార్ జైలును బ్రిటిష్‌వాళ్ళు 1896లో మొదలుపెట్టి 1906లో పూర్తి చేశారు. మధ్యలో బురుజు, దాన్నుంచి సైకిలు చక్రపు పుల్లల్లా ఏడు విభాగాలు. ఇప్పుడు మిగిలినవి మూడు. మొత్తం 693 గదులు, ప్రతి గదిలో ఒక్కడే. ఒక విభాగపు ముఖం ఇంకోదాని వీపుకేసి ఉండేలా కట్టారు, ఎదటివాడి ముఖం కూడా కనిపించకూడదని. ఎద్దు తిప్పే గానుగను మనుషులతో తిప్పించారు, రోజుకు ముప్పై పౌన్ల కొబ్బరినూనె తియ్యాలి. 1930ల్లో కాకినాడ బాంబు కేసులో శిక్షపడిన ప్రతివాది భయంకరాచారిని తెచ్చింది కూడా ఇక్కడికే. అక్కడ మీరు చెయ్యాల్సిన పని ఒకటే. జనం తక్కువున్న మేడ మీదికి వెళ్ళి, ఒక గదిలో పది నిమిషాలు ఒక్కరే కూర్చోండి. ఫోను ఇంకొకరి చేతిలో పెట్టి మరీ వెళ్ళండి. కిటికీ పైకప్పు దగ్గర ఉంటుంది. సముద్రం వంద గజాల్లో ఉంది, కనిపించదు. ధ్వని, కాంతి ప్రదర్శన రాత్రికి ఉంటుంది, అదీ చూడొచ్చు. నాకు మాత్రం ఆ పది నిమిషాలే ఎక్కువ.

చెయ్యకూడనిది కూడా ఒకటి చెప్పి తీరాలి. మొదటి ప్రయాణంలో మా పదిహేడు చోట్లలో బారాటాంగ్ ఉంది. అక్కడి సున్నపురాతి గుహలకు పోవాలంటే వాహనాలు బారులు తీరి జరావా ఆదివాసుల అడవి గుండా పోవాలి. ఆ దారిని మూసెయ్యాలని 2002లోనే సుప్రీంకోర్టు చెప్పింది. దారి ఇంకా నడుస్తోంది. ఫొటోలు తీయడం, ఆగడం, తినుబండారాలు ఇవ్వడం నేరం. అయినా మా వ్యానులో సగంమంది కిటికీలకు అతుక్కుపోయి మనుషుల కోసం వెతికారు, జూలో జంతువుల కోసం వెతికినట్టు. ఆ సగంలో నేనూ ఉన్నాను. గుహలు చూడాలనుంటే సముద్రం మీదుగా వెళ్ళే దారి వాకబు చెయ్యండి. లేదంటే మానెయ్యండి. రెండోసారి మేం మానేశాం, మాకు ఏ లోటూ కనిపించలేదు.

పడవలో కడుపు తిప్పేవాళ్ళు అరగంట ముందే మాత్ర వేసుకుని, కింది అంతస్తులో నడిమధ్య కూర్చుని, దూరాన గీతలా కనిపించే సముద్రపు అంచును చూస్తూ ఉండాలి. ఫోను చూడకూడదు. తిండికి చేపల కూర, అన్నం, పప్పు అంతటా దొరుకుతాయి. ఒక్క ఆవకాయ సీసా చాలు, పులిహోర డబ్బాలు అక్కర్లేదు. ఒకప్పుడు అక్కడ ఇంటర్నెట్ పేరుకే ఉండేది. 2020 ఆగస్టులో చెన్నై నుంచి సముద్రం కింద 2,300 కిలోమీటర్ల కేబుల్ వేసి తెచ్చారు. ఆఫీసు ఇప్పుడు అక్కడికీ వస్తుంది. వెనకటివాళ్ళకు సిగ్నల్ లేకపోవడం వల్ల దొరికిన సెలవును ఇప్పుడు మనమే స్విచ్ నొక్కి తెచ్చుకోవాలి.

మా అమ్మాయి చీటీకి అమావాస్య కావాల్సి వచ్చింది. పంచాంగం ఇక్కడ రెండోసారి పనికొచ్చింది. చీకటి రాత్రి మడ అడవుల మధ్య కయాక్‌లో వెళ్ళాం, ముందొకడు వెనకొకడు దారి తెలిసినవాళ్ళు. నీళ్ళలో కంటికి కనిపించని జీవులు కొన్నుంటాయి, నీరు కదిలితే నీలంగా మెరుస్తాయి. తెడ్డు వేసినచోటల్లా ఒక మెరుపు, ఆగితే చీకటి. ఫోనులో పడలేదు. నాలుగైదుసార్లు ప్రయత్నించి, నల్లటి ఫొటోలు చూసుకుని, అమ్మాయే ఫోను సంచిలో పడేసింది. ఆ తరవాత గంటసేపు ఎవరూ మాట్లాడుకోలేదు. మా కుటుంబ చరిత్రలో అది రికార్డు.

ఆఖరి రోజు మా ఆవిడది. నీల్ నుంచి ముందురోజు సాయంత్రమే పోర్ట్ బ్లెయిర్ వచ్చేశాం. మర్నాడంతా ఖాళీ, ఆ మరునాడు పొద్దున్నే విమానం. ఖాళీ రోజును ఖాళీగా ఉంచడం నాకు చేతకాలేదు. రాత్రే నార్త్ బే, రాస్ దీవి అంటూ నసిగాను. ఆమె నా చేతికి తన చీటీ ఇచ్చి పడుకుంది. దాంతో పొద్దున ఎవరికి వారే టీ పెట్టుకున్నాం, ఎవరికి వారే తిన్నాం. ఆమె వరండాలో కుర్చీలో కాళ్ళు చాపుకుని కూర్చుంది, పుస్తకం కూడా లేదు. "ఏం ఆలోచిస్తున్నావు?" అని ఒకసారి అడిగాను. "అడక్కండి" అంది. మీ ప్రయాణంలో ఇలాంటి రోజు ఒకటి ముందే రాసి పెట్టుకోండి. రాయకపోతే ఉండదు. అది ఇంట్లో ఎవరికి ఎక్కువ అవసరమో వాళ్ళనే దానికి యజమానిని చెయ్యండి.

నాకు మాత్రం జంగ్లీఘాట్ ముసలాయన మాట గుర్తొచ్చింది. పాటు వేళ వస్తే రేవు పక్క బురదలో పీతలు ఎలా పడతారో చూపిస్తానన్నాడు. తెల్లారేసరికే పాటు అని కూడా చెప్పాడు. నేను టీ తాగి, పేపరు వెతుక్కుని, స్నానం చేసి, ఎనిమిదిన్నరకు వెళ్ళాను. బురద కనిపించలేదు. నీళ్ళు రాళ్ళ దాకా ఎక్కి ఉన్నాయి. ఆయన బుట్టలో పీతలు అప్పటికే తాళ్ళతో కట్టేసి ఉన్నాయి.

"పాటు ఎల్లిపోనాది బాబూ. రేపు రా."

"రేపు పొద్దున్నే విమానం తాతా."

ఆయన నా ముఖంలోకి, నా చేతి గడియారంలోకి చూశాడు. "మరేటి సేస్తాం" అని, వల ఒడిలోకి లాక్కుని తెగిన కన్ను వెతుక్కోవడం మొదలుపెట్టాడు. నేను పక్కన రాయి మీద కూర్చున్నాను.